మందిరము నుండి వీధికి వెళ్లిన రాగము

మా రెడ్డిగూడెములో మామిడి తోటలు పూతకు రావడము, సంఘ యువకులు క్రిస్మస్ పాటలు అభ్యాసము చేయడము ఇంచుమించు ఒకే కాలములో మొదలవుతాయి. సాయంకాలము పనుల నుండి వచ్చి, స్నానము చేసి, డోలకు, కంజీర, కీబోర్డు పట్టుకొని పిల్లలు మందిరములో చేరుతారు. ప్రియ పాఠకులారా, సంఘములో మాట పట్టింపులు పుట్టడానికి ఆ పది రోజులే చాలునని పాస్టరమ్మగార్లందరికి తెలిసిన సంగతే.

రెండు క్రిస్మస్‌ల క్రిందట అటువంటి ఒక రాత్రి మా వలన ఒక పొరపాటు జరిగింది. యువకులు ఒక క్రొత్త పాట కట్టుకొని వచ్చారు. మాటలు బేత్లెహేమును గురించినవే, తప్పుపట్టవలసిన అక్షరము లేదు. రాగము మాత్రము ఆ సంవత్సరము ప్రతి పెండ్లి పందిరిలో మ్రోగిన సినిమా పాటది. రెండవ చరణము మధ్యలో డెబ్బది యేండ్లు దాటిన మా సంఘ పెద్ద ఒకరు లేచి నిలిచి, "అయ్యగారూ, ఇది మందిరమేనా?" అని అడిగారు. మేము ఆలోచించకుండనే చెయ్యి ఎత్తాము. పాట ఆగిపోయింది. కీబోర్డు వాయించే అబ్బాయి ఒక్క మాట అనలేదు. వైరు పీకి, కీబోర్డును సంచిలో పెట్టుకొని, వెనుక వరుసలో కూర్చున్న తల్లి వైపు కూడ చూడకుండ వెళ్లిపోయాడు.

ఆ అబ్బాయి పెండ్లిండ్లకు, ఫంక్షన్లకు పాటల బృందముతో వెళ్లి వాయించి ఇల్లు గడుపుతాడు. అతడు మరల మందిరపు గడప త్రొక్కలేదు. ఎనిమిది నెలలు ప్రతి ఆదివారము తల్లి ఒక్కతే వచ్చి అదే చోట కూర్చునేది. ఆమె మమ్మును ఏమీ అడగలేదు. అడిగి ఉంటే మాకు తేలికగా ఉండేది.

ఆగస్టులో ఒక సాయంకాలము మేమే వారి ఇంటికి వెళ్లాము. టీ త్రాగిన తరువాత అతడు సెల్‌ఫోను మంచము మీద పెట్టి, "అయ్యగారూ, రెండు పాటలు వినిపిస్తాను, వింటారా?" అన్నాడు. మొదటిది ఇంగ్లీషు పాట. కొందరు మగవారు కలిసి పాడుతున్నారు. యేసు నామము స్పష్టముగా వినబడుతున్నది. రెండవదానిలో పియానో, బాకాలు, ఒక్క మగ గొంతు. కాని నడక అదే, ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తడము అదే. మాటలు మాత్రము ఒక స్త్రీని గురించినవి. రెండూ అయిన తరువాత అతడు మెల్లగా, "ఈ రెండింటిలో ఏది ఆపమంటారు అయ్యగారూ?" అని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చేశాము. తరువాత కొన్ని నెలలు ఆ రెండు పాటల చరిత్ర వెదకి చదివాము. ఆ చదివినదే ఈ వ్యాసము.

మొదటి పాట పేరు "ఇట్ మస్ట్ బి జీసస్". పాడినవారు సదరన్ టోన్స్ అనే నల్లజాతి సువార్త గాయకుల బృందము. రెండవది "ఐ గాట్ ఎ ఉమన్". పాడినవాడు రే చార్లెస్. రెండూ 1954 నాటి పాటలే.

రే చార్లెస్ 1930 సెప్టెంబరు 23న జార్జియా రాష్ట్రములోని ఆల్బనీలో పుట్టి, ఫ్లోరిడాలోని గ్రీన్‌విల్ అనే చిన్న ఊరిలో పెరిగాడు. తల్లి బట్టలు ఉతికి జీవనము చేసేది. రే అయిదేండ్లవాడైనప్పుడు తమ్ముడు జార్జి ఆ బట్టలు ఉతికే తొట్టిలోనే పడి మునిగిపోయాడు. రే లాగబోయాడు గాని ఆ చిన్న చేతులకు బలము చాలలేదు. తరువాత కొంత కాలమునకే కన్నులు మసకబారి, ఏడేండ్లకు చూపు పూర్తిగా పోయింది. తల్లి అతనిని సెయింట్ అగస్టీన్ పట్టణములోని అంధుల, బధిరుల పాఠశాలకు పంపింది. అక్కడ చదువుచుండగానే ఆ తల్లియు చనిపోయింది.

గ్రీన్‌విల్‌లో ఆ బాలునికి రెండు సంగీత పాఠశాలలు ఉండేవి. ఒకటి వైలీ పిట్‌మన్ అనే ఆయన నడిపే రెడ్ వింగ్ కెఫే. ఆయన పియానో ముందు కూర్చొంటే పిల్లవాడు పరుగెత్తుకొని వెళ్లేవాడు. పిట్‌మన్ విసుగుకొనక ఒళ్లో కూర్చుండబెట్టుకొని వ్రేళ్లు పట్టి నేర్పించాడు. రెండవది ఆదివారము నాటి బాప్తిస్టు ఆరాధన. ఒక్క బాలుడు, రెండు చెవులు. ఒక చెవి మందిరములో, ఒక చెవి కాఫీ హోటలులో. 1978లో వచ్చిన తన ఆత్మకథలో ఈ సంగతి ఆయన దాచుకొనలేదు. తాను ఎవరి సొత్తు ఎత్తుకొనిపోలేదని, చిన్ననాటి నుండి తనలో ఉన్న రెండు ధ్వనులే బయటికి వచ్చినవని ఆయన వాదన.

ఇక "రిథమ్ అండ్ బ్లూస్" అనే మాట. అమెరికాలో సంగీత వ్యాపారపు పత్రిక బిల్‌బోర్డ్, నల్లవారి రికార్డుల అమ్మకముల పట్టికను "రేస్ రికార్డ్స్", అనగా జాతి రికార్డులు, అనే శీర్షికతో వేసేది. వారి పాటలకు కూడ వేరు పంక్తి అన్నమాట. 1949లో ఆ పత్రికలోనే పనిచేసే జెర్రీ వెక్స్లర్ సూచన మీద ఆ పేరు తీసివేసి "రిథమ్ అండ్ బ్లూస్" అని పెట్టారు. ఈ వెక్స్లర్ తరువాత అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీని 1947లో స్థాపించినవారిలో ఒకడు తుర్కీ దేశపు రాయబారి కుమారుడు అహ్మెత్ ఎర్తెగున్. ఆయన 1952లో మరొక చిన్న కంపెనీకి రెండువేల అయిదువందల డాలర్లు ఇచ్చి రే చార్లెస్ ఒప్పందమును కొనుక్కొన్నాడు.

అప్పటికి రే చార్లెస్ పాడుతున్నది సొంత గొంతుతో కాదు. నాట్ కింగ్ కోల్ వలె, చార్లెస్ బ్రౌన్ వలె మెత్తగా పాడేవాడు. మన ఊళ్లలో ఘంటసాలగారిని అనుకరించి పాడి చప్పట్లు కొట్టించుకొనేవారు లేరా, అట్లాగే.

1954 వేసవిలో బృందముతో కారులో ఒక ఊరి నుండి మరొక ఊరికి వెళ్తుండగా రేడియోలో సదరన్ టోన్స్ పాట వచ్చింది. కారులో రే చార్లెస్, అతని బృందములో బాకా వాయించే రెనాల్డ్ రిచర్డ్ ఆ రాగముతో గొంతు కలిపి, యేసును గురించిన మాటల చోట ఒక స్త్రీని గురించిన మాటలు పెట్టి పాడుకొన్నారు. మొదట అది వేళాకోళమే. ఆ తరువాత రే, దీనిని పాటగా వ్రాయగలవా అని రిచర్డును అడిగాడు. మరునాటికి పాట సిద్ధము.

ఆ నవంబరులో రే చార్లెస్ కబురు పంపితే ఎర్తెగున్, వెక్స్లర్ ఇద్దరును అట్లాంటాకు వచ్చారు. నగరములో సరియైన రికార్డింగు స్టూడియో దొరకక, జార్జియా టెక్ కళాశాలవారి రేడియో కేంద్రములో చోటు అడిగి పుచ్చుకొన్నారు. 1954 నవంబరు 18న అక్కడ ఆ పాట రికార్డయింది. మరుసటి సంవత్సరము మొదటి నెలలలో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో అది మొదటి స్థానమునకు ఎక్కింది. రే చార్లెస్‌కు అదే మొట్టమొదటి ప్రథమ స్థానము. 1956 జనవరిలో ఎల్విస్ ప్రెస్లీ అనే తెల్ల యువకుడు ఆర్.సి.ఏ. కంపెనీకి మొదటిసారి పాడడానికి నాష్‌విల్ వచ్చినప్పుడు ఈ పాటనే పాడాడు. తరువాతి కాలములో దీనినే సోల్ సంగీతమునకు ఒక మూలముగా లెక్కపెట్టారు. సోల్ అంటే ఆత్మ. ఆ పేరు కూడ మందిరము నుండి వెళ్లినదే.

పాట ఎట్లు పనిచేస్తుందో కొంచెము చెప్పాలి. నాలుగు దెబ్బల తాళములో మన పాశ్చాత్య కీర్తనలకు బలము సాధారణముగా మొదటి దెబ్బ మీద పడుతుంది. అమెరికా నల్లజాతి సంఘములలో చప్పట్లు రెండవ దెబ్బ మీద, నాలుగవ దెబ్బ మీద పడతాయి. ఒక్కసారి ఇంట్లో కూర్చొని అట్లు కొట్టి చూడండి, కూర్చొన్నవారు కూర్చొనలేరు. మరొకటి, బోధకుడు ఒక మాట అంటే సంఘము బదులు పలకడము. రే చార్లెస్ పాటలో సంఘము లేదు గనుక ఆ బదులు బాకాలు పలుకుతాయి. గొంతు పగిలేటట్లు, ఏడ్పునకు ఒక అడుగు ఇవతల నిలిచేటట్లు పాడడము మూడవది. ఇదంతా ప్రార్థన కూటములో నేర్చిన విద్య. ఆ విద్యతో అతడు పొగడినది ఏమనగా, పట్టణములో ఒక చోట ఒక స్త్రీ ఉన్నదని, అవసరమునకు డబ్బు ఇస్తుందని, తనను బాగుగా చూచుకొంటుందని. మా మట్టుకు మాకు ఈ మాటలు మెచ్చుకోదగినవిగా తోచలేదు. ఇల్లాలి స్థానము ఇల్లే అన్న ధోరణి కూడ అందులో ఉన్నది. పాట గొప్పదని మాట కూడ గొప్పదని చెప్పనవసరము లేదు.

అప్పట్లో కోపము వచ్చినది పాస్టర్లకు మాత్రమే కాదు. బిగ్ బిల్ బ్రూన్‌జీ అనే పెద్ద బ్లూస్ గాయకుడు కూడ, ఈ పిల్లవాడు బ్లూస్‌ను, ఆత్మీయ గీతములను కలిపేస్తున్నాడు, ఇతడు మందిరములో పాడవలసినవాడు అని నొచ్చుకొన్నాడు. అటువైపు వారికి కూడ గట్టు ఉండాలనే ఉన్నది. రే చార్లెస్ మాత్రము ఆగలేదు. 1955లో మరొక ఆత్మీయ గీతమును అదే విధముగా మార్చి "దిస్ లిటిల్ గర్ల్ ఆఫ్ మైన్" అని పాడాడు. మరుసటి సంవత్సరము వచ్చిన ప్రేమ పాటకు పేరే "హల్లెలూయ" అని మొదలవుతుంది. ఇది చదివి మా ఇంట్లో అమ్మగారు చెవులు మూసుకొన్నారు.

మా సంఘ పెద్దగారిని గురించి రెండు మాటలు ఇక్కడ చెప్పకపోతే అన్యాయము. ఆయనది మూర్ఖత్వము కాదు. ఆయన తాతగారు ఊరి జాతరలకు, చావులకు డప్పు కొట్టినవారు. కొట్టడము ఇష్టము కాదు, వెట్టి. బాప్తిస్మము తీసుకొన్న దినమున ఆ డప్పు విడిచిపెట్టారు. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన ఒంగోలు మిషను చరిత్ర చూడండి. డాక్టరు క్లౌ దొరగారి కాలములో మాదిగ విశ్వాసులు జాతరలకు డప్పు కొట్టమని చెప్పి, అందుకు ఊరి పెద్దల చేత బాధలు పడ్డారు. వారికి డప్పు విడవడము అంటే బానిసత్వము విడవడము. ఆ కుటుంబములలో పుట్టినవారికి వీధి సంగీతము మందిరములోనికి వస్తే గుండె ఝల్లుమనడములో ఆశ్చర్యము లేదు. అయినా పెద్దగారే ఒకసారి మాతో చెప్పారు. తన చిన్నతనములో తండ్రిగారు రాత్రివేళ ఎవరూ లేరనుకొని మంచపు పట్టె మీద వ్రేళ్లతో దరువు వేసుకొనేవారట.

ఇప్పుడు ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న. మేము వెదకిన కొలది చిక్కు పెరిగింది గాని తగ్గలేదు.

సదరన్ టోన్స్ వంటివారు పాడిన ఆ సువార్త సంగీతమును తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు థామస్ డోర్సీ. 1899లో జార్జియాలో ఒక బోధకుని ఇంట పుట్టి, యౌవనములో "జార్జియా టామ్" అనే పేరుతో మా రేనీ అనే బ్లూస్ గాయనికి పియానో వాయించాడు. 1928లో ఇంట్లో చెప్పుకోలేని మాటలు గల ఒక పాటతో డబ్బు, పేరు సంపాదించాడు. తరువాత మనసు మార్చుకొని ఆత్మీయ గీతములు వ్రాయడము మొదలుపెట్టాడు. కాని వ్రేళ్లు అవే గదా. బ్లూస్ నడక ఆ గీతములలో కూడ వచ్చింది. చికాగోలో చాల సంఘములు ఆయనను గుమ్మము దగ్గరనే ఆపివేశాయి. 1932లో ఆయన సెయింట్ లూయిస్‌లో ఉజ్జీవ కూటములలో ఉండగా, ఇంటి దగ్గర భార్య నెట్టీ ప్రసవములో చనిపోయినదని తంతి వచ్చింది. పుట్టిన బిడ్డయు వెంటనే పోయాడు. ఆ దుఃఖములో పూర్వపు కీర్తన రాగమొకటి ఆధారము చేసుకొని ఆయన కట్టినదే "ప్రెషస్ లార్డ్" గీతము. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌గారి సమాధి కార్యక్రమములో మహాలియా జాక్సన్ దానిని పాడింది. డోర్సీ 1993 వరకు జీవించాడు.

అనగా రే చార్లెస్ మందిరము నుండి తీసుకొనిపోయినదని అందరు కోపించినదానిలో కొంత భాగము, అంతకు పాతికేండ్ల ముందు వీధి నుండి మందిరములోనికి వచ్చినదే. వచ్చినప్పుడు కూడ ఇట్లే గొడవ.

ఇంకా వెనుకకు వెళ్తే, 1601లో హాన్స్ లియో హాస్లర్ అనే జర్మనీ దేశస్థుడు ఒక ప్రేమ పాట అచ్చువేయించాడు. ఒక కన్య వలన తన మనసు చెదిరిపోయిందని ఆ పాట భావము. పన్నెండేండ్లకు ఆ రాగము కీర్తనల పుస్తకములోనికి ఎక్కింది. తరువాత ముండ్ల కిరీటము ధరించిన ప్రభువు శిరస్సును గురించిన శ్రమల కీర్తనకు అదే రాగమైంది. బాఖ్ మహాశయుడు తన మత్తయి శ్రమల సంగీతములో దానిని మరల మరల వాడాడు. డిప్లొమా చదివే రోజులలో శుభ శుక్రవారమునకు ఆ కీర్తన నేర్చుకొని మేమును కన్నీళ్లతో పాడాము. ఆ కన్య ఎవరో మాకు తెలియదు. తెలిసి ఉంటే పాడేవారమా?

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరవండి. కీర్తన నెత్తిన రాగము, తాళము అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మము పొందకముందు వైష్ణవ భక్తిలో పెరిగినవారు. ఆయన కీర్తనలలోని రాగములు సువార్తతో పాటు ఓడలో దిగినవి కావు. అవి ఇక్కడివే, ఇక్కడి భజనలలో, గుడులలో పాడినవే.

అయితే సినిమా రాగము మందిరములో వచ్చినా తప్పు లేదని మేము చెప్పడము లేదు. పాట మొదలవగానే వెనుక వరుసలో పిల్లలకు ఆ సినిమాలోని నృత్యము కన్నులలో ఆడితే, బేత్లెహేము అనే మాట ఎక్కడ నిలుస్తుంది? ఆ జ్ఞాపకము చావడానికి ఏండ్లు పట్టును. హాస్లర్ కన్య చచ్చి, కీర్తన బ్రతికింది. రే చార్లెస్ విషయములో దీనికి వ్యతిరేకముగా జరిగింది. 2005లో కూడ ఒక అమెరికా గాయకుడు "ఐ గాట్ ఎ ఉమన్"ను తన పాటలో కలుపుకొంటే లోకమంతా పాడింది. సదరన్ టోన్స్ పేరు మాత్రము ఈ కథ చెప్పేవారికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. రికార్డు మీద రచయితల చోట రే చార్లెస్, రెనాల్డ్ రిచర్డ్ అని రెండే పేర్లు ఉన్నాయి. స్త్రీని గురించిన మాటలకన్న మాకు ఎక్కువ నొప్పి కలిగించినది ఇదే. మరి మా యువకులు ఆ సినిమా సంగీత దర్శకుని పేరు ఎక్కడైనా వ్రాశారా? లేదు. మేమును అడగలేదు.

గడచిన అక్టోబరులో రే చార్లెస్ పాటను పెద్దగారి ఇంటికి తీసుకొనిపోయి వినిపించాము. ఆయనకు ఇంగ్లీషు రాదు. కన్నులు మూసుకొని చివరి వరకు విని, "ఎవరో గాని బాగా ప్రార్థించుకొంటున్నాడు" అన్నారు. మేము సంగతి చెప్పాము. చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "గుడ్డివాడా?" అన్నారు. అవునన్నాము. "తల్లి ఉన్నదా?" అన్నారు. చిన్ననాడే పోయినదని చెప్పాము. ఇంకొంతసేపటికి, "మన పిల్లవాడిని రమ్మనండి అయ్యగారూ. సినిమా రాగము మాత్రము వద్దు" అన్నారు.

ఆ మరుసటి ఆదివారము ఆరాధనలో, ఆనాడు చెయ్యి ఎత్తినది మా తొందరపాటని సంఘము ఎదుట ఒప్పుకొన్నాము. ఆ అబ్బాయి ఆదివారము రాలేదు గాని డిసెంబరులో అభ్యాసమునకు వచ్చాడు. ఈసారి రాగము తానే కట్టుకొచ్చాడు. మధ్యలో కీబోర్డులో ఒక మీట నొక్కితే డప్పు దరువు వచ్చింది. మందిరములో ఒక్కసారిగా నిశ్శబ్దము. మేము పెద్దగారి వైపు చూడడానికి భయపడ్డాము.

ఆయన లేచి కీబోర్డు దగ్గరకు వెళ్లారు. "ఒరేయ్ అబ్బాయ్, ఆ దరువు ఎవడు నేర్పాడురా నీకు?" అన్నారు.

"యూట్యూబులో తాతగారూ."

"తప్పు నేర్పాడు" అని, ప్రక్కనున్న బల్ల మీద ఆయన వ్రేళ్లతో కొట్టి చూపించారు.